గుడిలో తాళి కట్టించుకునే ముందు ఒక్కసారి ఆగండి

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. మీది గుంటూరు, అబ్బాయిది విజయవాడ. ఉద్యోగాలకు రోజూ ఒకే రైల్లో వెళ్లి రావడంతో పరిచయమైంది, మూడేళ్లుగా ప్రేమించుకుంటున్నారు. మీరు హిందువులు. వాళ్ల ఇంటిల్లిపాదీ చర్చికి వెళతారు, అతనికి బాప్తిస్మం కూడా అయింది, పేరు మాత్రం హిందువుల పేరులాగే ఉంటుంది. మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. గుడిలో తాళి కట్టించుకుని మర్నాడు రిజిస్టరు చేయించుకుంటే ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని స్నేహితులు చెబుతున్నారు. అబ్బాయి తల్లి మాత్రం మీరు బాప్తిస్మం తీసుకుంటే ఒప్పుకుంటానంటున్నారు. ఏం చేయాలి, ఇంట్లో ఎలా చెప్పాలి, మన దగ్గర ఇలాంటి పెళ్లిళ్లు నిజంగా నిలబడ్డాయా అని అడిగారు.

నేను గుంటూరులో కుటుంబ వ్యాజ్యాలు చూసే న్యాయవాదిని. ప్రేమ పెళ్లిళ్లకు సాక్షి సంతకాలు పెట్టాను, కాపురాలు కోర్టు మెట్లెక్కినప్పుడు వకాలతులూ వేశాను. అందుకే మీ స్నేహితుల సలహా చదవగానే కంగారు పడ్డాను.

ముందు గుడి సంగతి తేల్చేద్దాం. గుడిలో జరిగే పెళ్లికి వర్తించేది 1955 నాటి హిందూ వివాహ చట్టం. ఆ చట్టం కింద పెళ్లి చెల్లాలంటే వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ లెక్కలోకే వస్తారు, క్రైస్తవులు రారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో ఈ మాట తేల్చి చెప్పింది. అబ్బాయి క్రైస్తవుడు, అమ్మాయి హిందువు. గుడిలో తాళి కట్టాడు, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు కూడా అయింది. తర్వాత ఆ పెళ్లి చెల్లదంటూ భార్యే కోర్టుకు వెళ్లింది. భర్త సుప్రీంకోర్టు దాకా పోరాడి ఓడిపోయాడు. చేతిలో ధ్రువపత్రం ఉన్నా ఆ పెళ్లి మొదటి నుంచీ లేనట్టే అయింది.

మీ విషయంలోనూ రిజిస్ట్రారు కార్యాలయంలో ఎవరూ ఆపకపోవచ్చు. అతని పేరు చూసి, దరఖాస్తులో హిందువు అని రాసుకుని ముద్ర వేసి ఇచ్చేస్తారు. చిక్కు ఆ రోజు కనబడదు. ఎప్పుడో మీరిద్దరూ గొడవపడి భరణం అడిగినప్పుడో, అతనికి ఏదైనా జరిగి ఆస్తి కోసం అతని అన్నదమ్ములు అడ్డం తిరిగినప్పుడో ఎదుటి వకీలు మొదట తీసేది ఆ బాప్తిస్మం పత్రమే. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో ఇది ఎంత మామూలో మీకూ తెలుసు. కుల ధ్రువపత్రంలో హిందువు, ఆదివారం చర్చిలో మొదటి వరస. దాని మంచిచెడ్డలు ఇక్కడ అనవసరం. పెళ్లి కాగితం మాత్రం అలాంటి గోడ మీద కట్టకండి.

అసలు ఇద్దరూ హిందువులై, కులాలు మాత్రమే వేరైనవాళ్లకు గుడి పెళ్లి ఎంచక్కా చెల్లుతుంది, పెళ్లికి నెల రోజుల ముందు నోటీసు అంటించాల్సిన పని కూడా లేదు. అయితే వాళ్లకూ ఒక హెచ్చరిక ఉంది. ఏ తంతూ జరపకుండా కాగితం మాత్రం తెచ్చుకుంటే అది పెళ్లి కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ అనేది జరిగిన పెళ్లికి రుజువు, అంతే. ముందు పెళ్లంటూ జరగాలి కదా.

మీకు మిగిలినవి రెండు దారులు. ఒకటి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా ఆ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు, రెండోవాళ్లు మతం మారాలని చట్టం అడగదు. కానీ చాలా సంఘాల్లో పాస్టర్లు అడుగుతారు. పైగా పెళ్లి జరిపించే పాస్టరుకు ఆ అధికారం ఉందో లేదో చూసుకోవాలి. వీధికో ప్రార్థనా మందిరం ఉన్న ఊళ్లలో అందరికీ ప్రభుత్వ లైసెన్సు ఉండదు. రెండోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఎవరి మతంలో వారుండి చేసుకునే పెళ్లి. మీకు నా సలహా ఇదే.

ఇందులో జంటలను భయపెట్టేది ముప్పై రోజుల నోటీసు. మీ ఇద్దరిలో ఒకరైనా కనీసం ముప్పై రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి, అంటే మన దగ్గర సబ్‌రిజిస్ట్రారుకు, దరఖాస్తు ఇవ్వాలి. ఆయన దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేచోట అంటిస్తారు. "విజయవాడలో ఇస్తే గుంటూరులో మా వాళ్లకు తెలియదు కదా" అని అందరూ అడుగుతారు. తెలుస్తుంది. మీ శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి ఒకటి ఆ జిల్లా అధికారికి వెళుతుంది, అక్కడా అంటిస్తారు. 2022 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, మీది గుంటూరు జిల్లా. కాబట్టి రెండుచోట్లా గోడకెక్కుతుంది. ఆ బోర్డుల ముందు పొలాల దస్తావేజుల కోసం పొద్దున్నుంచీ నిలబడేవాళ్లలో మీ నాన్నగారికి తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండరని ఎవరు మాత్రం చెప్పగలరు?

అయితే తెలిసినంత మాత్రాన ఆపలేరు. అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు గాని, చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే. ఇద్దరిలో ఒకరికి అప్పటికే భార్యో భర్తో ఉండటం, మానసికంగా సమ్మతి తెలిపే స్థితిలో లేకపోవడం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, నిషిద్ధమైన దగ్గరి చుట్టరికం ఉండటం. కులం, మతం, పరువు, కట్నం ఈ జాబితాలో లేవు. అభ్యంతరం వస్తే అధికారి ముప్పై రోజుల్లో విచారించి తేల్చాలి. ఉత్తపుణ్యానికి, దురుద్దేశంతో వేసిందని తేలితే వేసినవాళ్ల మీద వెయ్యి రూపాయల దాకా ఖర్చులు విధించవచ్చు. 1954లో ఆ వెయ్యి పెద్ద మొత్తమే, ఇప్పుడు దానికి ఎవరూ జడవరనుకోండి. నోటీసు ఇచ్చాక మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికొస్తుంది. ముహూర్తం కోసం ఆగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పెళ్లి రోజు తంతు చాలా చిన్నది. ముగ్గురు సాక్షులు, వాళ్ల గుర్తింపు కార్డులు, మీ పదో తరగతి మార్కుల జాబితా, ఫొటోలు. ముందు మీరిద్దరూ, సాక్షులూ ప్రకటన మీద సంతకాలు చేస్తారు. తర్వాత అధికారి, సాక్షుల ఎదుట "నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను" అని అతను, "భర్తగా" అని మీరు, మీకు అర్థమయ్యే భాషలో అనాలి. చిత్రం ఏమిటంటే, అంతదాకా ధైర్యం చెప్పిన అబ్బాయిల గొంతు ఆ వాక్యం దగ్గరే పూడుకుపోతుంది. ఒకసారి వరుడు లోలోపల గొణిగితే, పక్కగదిలో స్థలం అమ్మకానికి వచ్చిన పెద్దాయన "వినబడలేదయ్యా, కాస్త గట్టిగా చెప్పు" అని కేకేశాడు. వధువు మాత్రం తన వాక్యాన్ని గుమ్మం దాకా వినబడేలా చెప్పింది. అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే దండలు మార్చుకున్నారు. ఆ వాతావరణం నచ్చకపోతే అదనపు రుసుము కట్టి అధికారిని దగ్గరలోని ఫంక్షన్ హాలుకు రప్పించుకునే వీలు చట్టంలోనే ఉంది. అక్కడ మీకిష్టమైన తంతు జరుపుకోవచ్చు, ఆ వాక్యం అంటే చాలు.

ఇక ఇంట్లో చెప్పడం. నా అనుభవంలో పెళ్లిని నిలబెట్టేదీ చెడగొట్టేదీ ఈ ఘట్టమే.

పెద్దవాళ్లు మొదట అడిగేది కులమో జీతమో కాదు, "పరిచయం ఎలా అయింది?" అని. పిల్లలు దాన్ని కథ అడిగినట్టు అనుకుని, వినసొంపుగా ఉండే కథ ఒకటి అల్లుతారు. ఒకే కాలేజీ అంటారు, ఒకే ఆఫీసు అంటారు. రైల్లో పరిచయం అంటే చులకనగా ఉంటుందని వాళ్ల భయం. బ్రాడీపేటలో ఒక ఇంట్లో నేను మధ్యవర్తిగా కూర్చున్నప్పుడు ఇదే జరిగింది. అబ్బాయి తన క్లాస్‌మేట్ అని అమ్మాయి చెప్పింది. తల్లి ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, గోడకున్న పటం తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. కాలేజీ ఆఖరి రోజున దిగిన గ్రూపు ఫొటో. "ఇందులో ఎక్కడున్నాడో చూపించు" అంది. ఆ సాయంత్రం ఇంకో మాట ముందుకు సాగలేదు. ఆ ఇంటివాళ్లకు అబ్బాయి కులం మీద ఉన్న అభ్యంతరం కంటే, మా పిల్ల మా ముఖం మీదే అబద్ధమాడిందన్న బాధ ఎక్కువైంది. చివరికి పెళ్లి జరిగింది గాని, ఆ పటం మాట వాళ్లింట్లో ఇప్పటికీ వస్తుందట.

కాబట్టి రైలనే చెప్పండి. నిజానికి మీ పరిచయంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రేమలు ప్రకాశం బ్యారేజీ మీద, భవానీ ద్వీపంలో పుడతాయని అనుకుంటారు. అక్కడ తిరిగేది అప్పటికే ప్రేమించుకున్నవాళ్లు. నా దగ్గరికి వచ్చిన జంటల పరిచయాలు సీజన్ టికెట్ ప్రయాణాల్లో, బీసెంట్ రోడ్డు బట్టల దుకాణాల బిల్లు కౌంటర్లలో, మిర్చి యార్డు కమీషన్ కొట్లలో లెక్కలు రాసేచోట, ఆసుపత్రుల రాత్రి డ్యూటీల్లో, బ్యాంకు పరీక్షల కోచింగుల్లో మొదలైనవి. అలా కలిసినవాళ్లకు ఒక లాభం ఉంది. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం బండి అరగంట ఆగిపోతే అతను ఎవరి మీద విసుక్కుంటాడో మీరు చూశారు. నెలాఖరులో ఎలా ఉంటాడో చూశారు. పెళ్లిచూపుల్లో కాఫీ అందించి వెళ్లే అమ్మాయికి ఆ వీలు లేదు. మీ నాన్నగారికి చెప్పాల్సిందీ ఇదే. ప్రేమ అన్న మాట కంటే, మూడేళ్లలో ఆ మనిషిలో మీరు చూసింది ఏమిటో చెప్పండి.

ముందు ఎవరికి చెప్పాలి? అమ్మకు చెప్పండి గాని, నాన్నకు చెప్పే పని ఆవిడ మీద వేయకండి. మోసుకెళ్లినవాళ్ల మీదే మొదటి నింద పడుతుంది, "పిల్లను పెంచిన తీరు ఇదా" అని. మేనమామో బాబాయో, మీ నాన్నగారు మాట వినే మనిషి ఒకరుంటారు. వాళ్లకు అన్నీ దాచకుండా చెప్పి, వాళ్ల సమక్షంలో మీరే నాన్నగారితో మాట్లాడండి. మొదటి రోజు అబ్బాయిని తీసుకెళ్లవద్దు. ఆ రోజు వచ్చే కోపం అతని ముఖం మీద పడితే, తర్వాత నాన్నగారు మెత్తబడినా అతన్ని చూసినప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తుంది.

ఆయన అడగబోయేవాటికి ముందు మీ ఇద్దరి దగ్గర జవాబులు ఉండాలి. హిందూ ఇంటి పిల్ల క్రైస్తవుల ఇంటికి వెళుతుందంటే గుంటూరులో మొదట వచ్చే ప్రశ్న బొట్టు. "మా అమ్మాయి బొట్టు తీసేయాలా?" తర్వాత తాళి, ఆదివారాలు, సంక్రాంతికి పుట్టింటికి రావడం, వినాయకచవితి ప్రసాదం తినడం. పిల్లలకు పేరు ఎవరు పెడతారు, బడి దరఖాస్తులో మతం దగ్గర ఏం రాస్తారు. ప్రేమించుకున్న జంటలు వీటి గురించి ఎప్పుడూ మాట్లాడుకోవు. చిన్న విషయాలంటారు. నా దగ్గరికి విడాకులకు వచ్చినవాళ్లు దేవుడి గురించి గొడవపడి రాలేదు, ఇదిగో, వీటి గురించే గొడవపడి వచ్చారు.

మాటలు తెగిపోయి ఇల్లు వదలాల్సిన పరిస్థితి వస్తే కొన్ని జాగ్రత్తలు. బంగారం ముట్టుకోకండి, అది మీ పేరున కొన్నదే అయినా సరే. మరుసటి రోజే దొంగతనం ఫిర్యాదు వస్తుంది, అబ్బాయి పేరు కూడా అందులో ఉంటుంది. మీ చదువు ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు పుస్తకం చాలు. ఫోన్ సిమ్ నాన్నగారి పేరు మీద ఉంటే ముందే మీ పేరున వేరేది తీసుకోండి. బ్యాంకు ఖాతాకు ఏ నంబరు కలిపి ఉందో చూసుకోండి. అమ్మాయి కనబడటం లేదని ఫిర్యాదు వస్తే పోలీసులు కేసు కట్టడం మామూలే, భయపడి ఊళ్లు మారకండి. న్యాయవాదితో స్టేషనుకు వెళ్లి, మేజరునని, నా ఇష్టంతోనే వచ్చానని వాంగ్మూలం ఇవ్వండి. మేజరైన అమ్మాయిని బలవంతంగా పుట్టింటికి అప్పగించే అధికారం పోలీసులకు లేదు. ఇష్టపడి పెళ్లి చేసుకున్న మేజర్లకు రక్షణ ఇవ్వాలని 2006లోనూ, 2018లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. బెదిరింపులుంటే జిల్లా ఎస్పీకో పోలీసు కమిషనరుకో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఆస్తి గురించి మీరు అడగలేదు, మీ వాళ్లు తప్పకుండా ఎత్తుతారు. హిందువు కానివారిని ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే, ఉమ్మడి కుటుంబం నుంచి మీరు విడిపోయినట్టు చట్టం లెక్కిస్తుంది. విడిపోవడం అంటే పోగొట్టుకోవడం కాదు, ఉమ్మడి ఆస్తిలో అప్పటికి మీకున్న హక్కు అలాగే ఉంటుంది. నాన్నగారి స్వార్జితం ఆయన ఇష్టం, ఎవరికి రాసినా మీరు అడగలేరు. మీ ఇద్దరి సొంత ఆస్తులకు ఇకపై భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ సాయం సంగతి అంటారా, చంద్రన్న పెళ్లికానుక అన్నారు, తర్వాత వైఎస్సార్ కల్యాణమస్తు అన్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ షరతులూ మారుతుంటాయి. దాన్ని నమ్ముకుని పెళ్లి ఖర్చు లెక్కలు వేసుకోకండి.

నిలబడ్డాయా అని అడిగారు. కవి గుర్రం జాషువా తల్లిదండ్రులదే కులాంతర వివాహం. తండ్రి యాదవ, తల్లి మాదిగ, కాపురం వినుకొండలో. అది 1895 కంటే ముందు మాట, ఎందుకంటే జాషువా పుట్టిందే ఆ ఏడాది. విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడికి ఇచ్చారు. గాంధీ ఆ పెళ్లికి పెద్దగా ఉండటానికి ఒప్పుకున్నారు గాని అంతలోనే ఆయన హత్య జరిగింది. 1948లో సేవాగ్రాంలోనే ఆ పెళ్లి చేశారు. గోరా కొడుకు లవణం 1960లో జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. ఆ ఇద్దరూ తర్వాత స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర మోసే కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. 2008లో హేమలత మరణించేదాకా ఆ కాపురం సాగింది. అయితే వాళ్ల వెనక ఒక ఉద్యమం నిలబడింది. మీ వెనక ఒక బాబాయి నిలబడినా పెద్ద బలమే. పేరులేని జంటలు కూడా చాలా ఉన్నాయి. పిల్లల బారసాలకు మొహాలు చూసుకోవడం మొదలుపెట్టి, ఇప్పుడు వేసవి సెలవులకు మనవల్ని తీసుకెళ్లే తాతలు నా కక్షిదారుల్లోనే ఉన్నారు. నిలబడనివీ ఉన్నాయి. వాటిలో చాలావరకు రాత్రికి రాత్రి చేసుకున్నవి.

ఆ నెల రోజుల నోటీసును అందుకే మరీ శత్రువులా చూడకండి. ప్రాణభయం లేని ఇళ్లలో అది ఇద్దరికీ, పెద్దలకూ మాట్లాడుకునే గడువు. ప్రాణభయం ఉందనిపిస్తే మాత్రం ఈ మాట పక్కనపెట్టి, ముందు రక్షణ కోసం అర్జీ పెట్టుకోండి. వకీలు ఖర్చు భారమనిపిస్తే గుంటూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది.

ఇక బాప్తిస్మం. మీకు ఆ విశ్వాసం కలిగితే తీసుకోండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెళ్లికి షరతుగా అయితే వద్దు. ప్రత్యేక వివాహ చట్టం కింద దాని అవసరమే లేదు. పైగా మీ నాన్నగారితో మాట్లాడుతున్న సమయంలోనే ఆ వార్త బయటికొస్తే మీ బాబాయి కూడా లేచి వెళ్లిపోతాడు. ఆ కోరిక వాళ్ల అమ్మగారిదేనా, అతనిది కూడానా అన్నది మీ ప్రశ్నలో లేదు. ఆవిడదే అయితే ఆవిడకు నచ్చజెప్పాల్సింది అతను, మీరు కాదు. అతనిది కూడా అయితే, నోటీసు ఫారం తెచ్చుకునే ముందు ఆ సంగతి ఇద్దరూ తేల్చుకోండి.